ఎక్స్‌రేలో ‘ఏమీ లేని’ మోకాలు: ఒక కబడ్డీ క్రీడాకారిణి కేసు

కుడికాలి మునివేళ్ళ మీద కుంటుతూ ఓపీ గదిలోకి వచ్చింది ఆ అమ్మాయి. మడమ నేలకు ఆనడం లేదు. వెనకాల తండ్రి, ఆయన చేతిలో బట్టల షాపు కవరు, కవర్లో ఏడు నెలల కిందటి ఎక్స్‌రే, నలిగిపోయిన మందుల చీటీలు రెండు. వయసు 20. డిగ్రీ రెండో సంవత్సరం. కబడ్డీలో కూతకు వెళ్ళే అమ్మాయి, జిల్లా జట్టుకు ఆడుతోంది. స్పోర్ట్స్ కోటాలో కానిస్టేబుల్ ఉద్యోగం వస్తుందని ఇంట్లో అందరి ఆశ. పేరూ ఊరూ రాయడం లేదు. గోదావరి జిల్లాల పిల్ల అనుకుంటే చాలు.

"పన్నెండు రోజులైందండి, కాలు చాపలేకపోతోంది. బస్సు దిగుతుంటే మోకాలు మెలిపడింది" అన్నాడు తండ్రి.

"అసలు దెబ్బ జనవరిలోది సార్" అందుకుంది అమ్మాయి. "అప్పుడు ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు."

నేను ఈ కేసు రాయడానికి కారణం ఆ రెండు మాటలే. ఎముక విరిగితే దెబ్బ, విరగకపోతే బెణుకు. బెణుకు దానంతటదే తగ్గుతుంది. మన దగ్గర పేషెంట్లే కాదు, చాలామంది డాక్టర్లం కూడా మోకాలిని ఇలాగే చూస్తాం.

జనవరిలో ఏం జరిగింది

సంక్రాంతి పోటీలు. మట్టి కోర్టు. పొద్దున మంచు పడి పైపొర కాస్త తడిగా ఉంది. కూతకు వెళ్ళి ఒకమ్మాయిని తాకింది, వెనక్కి మధ్యగీత వైపు తిరగబోయింది. కుడిపాదం మట్టిలో పాతినట్టు ఆగిపోయింది. ఒళ్ళు ఎడమవైపు తిరిగింది, మధ్యలో మోకాలు లోపలికి వంగి మెలిపడింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ మీద పడలేదు. "లోపల టప్‌మని వినపడింది సార్. పక్కనమ్మాయి కూడా విన్నానంది." రెండు గంటలు తిరక్కుండానే మోకాలు వాచి చిప్ప ఎక్కడుందో తెలియకుండా పోయింది.

నాకు ఈ మాత్రం చాలు. ఎవరూ తాకకుండా తిరుగుతూ పడటం, టప్‌మన్న చప్పుడు, గంటల్లో వచ్చిన వాపు. ఈ మూడూ ఒక్క మోకాలిలో కలిస్తే, వేరేదని తేలేదాకా అది ఏసీఎల్ (మోకాలి లోపల రెండు ఎముకలనూ కట్టి ఉంచే లిగమెంటు) తెగినట్టే. వాపు ఎప్పుడొచ్చిందన్న ప్రశ్నను నేను ఎప్పుడూ వదలను. మర్నాటికి మెల్లగా ఊరిన వాపైతే అది ఎక్కువగా కీలు తనంతట తాను ఊరబెట్టుకున్న నీరు. రెండు మూడు గంటల్లో బిగుసుకుపోయిన వాపైతే అది రక్తం. ఆటలో దెబ్బ తగిలి మోకాలిలో రక్తం చేరిన పదిమందిలో దాదాపు ఏడుగురికి ఏసీఎల్ తెగి ఉంటుంది. ఈ ప్రశ్నకు డబ్బులు అక్కర్లేదు, మిషనూ అక్కర్లేదు.

ఆ రోజు ఆమెను చూపించిన చోట ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు, ఏమీ లేదు, బెణికింది అన్నారు. నొప్పి మాత్రలు, క్రేప్ బ్యాండేజీ, పది రోజులు విశ్రాంతి. ఆ తర్వాత ఊళ్ళో ఎవరో చెబితే మూడు వారాలు పసరు కట్టు. వాపు దిగింది, నొప్పి పోయింది, నడక మామూలైంది. ఏప్రిల్ నుంచి ప్రాక్టీసుకు వెళ్ళింది.

అసలు మోసం ఈ నడకలోనే ఉంది. తిన్నగా నడవడానికి ఏసీఎల్ అవసరం చాలా తక్కువ. మోకాలి నడిమధ్య, తొడ ఎముక వెనక భాగం నుంచి కాలి ఎముక ముందు భాగానికి ఏటవాలుగా వెళ్ళే ఈ లిగమెంటు సుమారు 3 సెం.మీ. పొడవు, చిటికెన వేలంత మందం. కాలి ఎముక ముందుకు జారకుండా, మెలితిరగకుండా ఆపడం దాని పని. తిన్నటి రోడ్డు మీద కండరాలే ఆ పని చేసేస్తాయి. పరిగెత్తుతూ ఆగినప్పుడు, ఎగిరి దిగినప్పుడు, చటుక్కున తిరిగినప్పుడు కండరం అందుకునేలోపే మోకాలు జారిపోతుంది. ఏప్రిల్‌కూ ఆగస్టుకూ మధ్య ఆమెకు అలా మూడుసార్లు జారింది. "ఊడిపోయి మళ్ళీ కూర్చున్నట్టు" అని చెప్పింది. జారిన ప్రతిసారీ రెండు రోజులు వాపు. ప్రతిసారీ మోకాలి క్యాప్ వేసుకుని ఆడింది.

నాలుగోసారి బస్సు మెట్టు దగ్గర. అప్పుడు జారడంతో ఆగలేదు, లోపల ఏదో అడ్డం పడి ఇరుక్కుపోయింది.

కిటికీ వెలుగులో ఎక్స్‌రే

పాత ఎక్స్‌రే ఎలాగూ తెచ్చారు కదా అని కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాను. మామూలుగానే ఉంది. రెండోసారి బయటి అంచు వెంట కళ్ళు మెల్లగా దించుకుంటూ వచ్చాను. కాలి ఎముక పై అంచుకు బయటివైపు, కీలుకు కాస్త కింద, బియ్యపు నూకంత పెంకు ఒకటి ఎముక నుంచి విడివడి ఉంది.

దీన్ని సెగాండ్ ఫ్రాక్చర్ అంటాం. పాల్ సెగాండ్ అనే ఫ్రెంచి సర్జన్ 1879లో వర్ణించాడు. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. అంటే ఆయన శవాల మోకాళ్ళు మెలిపెట్టి, విప్పి చూసి కనుక్కున్నదన్నమాట. నూకంత పెంకే, కానీ మోకాలు ఎంత గట్టిగా మెలితిరిగిందో చెబుతుంది. అది కనపడితే లోపల ఏసీఎల్ దాదాపుగా తెగినట్టే. ఏమీ లేదన్న ఎక్స్‌రేలోనే సమాధానం ఏడు నెలలుగా ఆ బట్టల షాపు కవర్లో ఉంది.

ఆ ఎక్స్‌రే చూసిన డాక్టరును నేను తప్పు పట్టను. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండో ఏట ఇలాంటి నూకనే చూసి, పాత దెబ్బ అనుకుని, చీటీ మీద ‘సాఫ్ట్ టిష్యూ ఇంజురీ’ అని రాసి పంపేశాను. ఆ కుర్రాడు ఏడాది తర్వాత మెనిస్కస్ (కీలులో రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండేది) చిరిగిపోయి వచ్చాడు. అప్పట్నుంచి ఆ అంచును రెండుసార్లు చూడటం అలవాటైంది.

చేతికి తెలిసింది

మోకాలు 20 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. ఇంకా చాపుదామంటే లోపలివైపు కీలుగీత మీద నొప్పి, పైగా రబ్బరు అడ్డం పెట్టినట్టు వెనక్కి తన్నుతోంది. కొంచెం నీరుంది. చిప్పకు 15 సెం.మీ. పైన టేపు పెట్టి కొలిస్తే కుడితొడ ఎడమదానికన్నా 3 సెం.మీ. సన్నం. ఏప్రిల్ నుంచి ఆటాడిన పిల్ల తొడ అది.

ముందు మంచి కాలు చూశాను. ఒక్కో మనిషి మోకాలి వదులు ఒక్కోలా ఉంటుంది కాబట్టి, పోల్చుకోవడానికి రెండోది లేకుండా పరీక్ష చేయడం దండగ. తర్వాత కుడికాలు. నా మోకాలు మంచం మీద పెట్టి, దాని మీద ఆమె తొడ ఆనించాను. అలా చేస్తే పేషెంటు తొడ బిగపట్టదు. ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో కాలి ఎముకను ముందుకు లాగాను. ఎడమకాలు కొద్దిగా కదిలి టక్కున ఆగింది, బిగించిన తాడు లాగినట్టు. కుడికాలు అలా ఆగలేదు. ముందుకు వచ్చి, మెత్తగా ఎక్కడో నిలిచింది. ఇది లాక్‌మన్ పరీక్ష. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీలో జాన్ లాక్‌మన్ నేర్పిన పద్ధతిని ఆయన శిష్యుడు టోర్గ్, తోటివాళ్ళు కలిసి 1976లో ప్రచురించారు. కదలిక ఎన్ని మిల్లీమీటర్లన్న దానికన్నా చివర గట్టిగా ఆగిందా, మెత్తగా ఆగిందా అన్నదే నేను చూసేది. మోకాలు 90 డిగ్రీలు మడిచి లాగే పాత పరీక్ష కొత్తగా దెబ్బ తగిలినవాళ్ళలో తరచూ మోసం చేస్తుంది. తొడ వెనక కండరం బిగుసుకుని కాలిని పట్టేస్తుంది.

ఎమ్మారైలో అనుకున్నవే వచ్చాయి. ఏసీఎల్ ఉండాల్సిన చోటు ఖాళీ, దాని మొదలు కింద పడుకుని ఉంది. లోపలి మెనిస్కస్ బకెట్ పిడిలా చిరిగి కీలు మధ్యకు వచ్చి కూర్చుంది. పక్క నుంచి తీసిన బొమ్మలో వెనక లిగమెంటు పీసీఎల్ కింద ఇంకో పీసీఎల్ ఉన్నట్టు రెండు నల్లటి చారలు కనిపించాయి. ఆ రెండోది పక్కకు తప్పిన మెనిస్కస్. కాలు చాపనివ్వకుండా అడ్డం పడింది అదే.

మన జనం మెనిస్కస్‌నూ, ఎముక మీది నున్నటి కార్టిలేజ్‌నూ కలిపి ‘గుజ్జు’ అనేస్తారు. "గుజ్జు అరిగిపోయిందా డాక్టర్ గారూ, ఈ వయసులో?" అని తండ్రి కంగారుపడ్డాడు. అరగలేదు, చిరిగింది. చిరిగింది కుట్టొచ్చు. అరిగింది కుట్టలేం. జనవరిలోనే ఏసీఎల్ సంగతి తెలిసి ఉంటే ఈ చిరుగు బహుశా ఉండేది కాదు.

తండ్రి అడిగిన ప్రశ్న

"మా తమ్ముడు బండి మీద నుంచి పడితే లిగమెంటే తెగిందన్నారండి. ఆరు వారాలు కట్టుతోనే తగ్గిపోయింది. దీనికి మాత్రం ఆపరేషన్ ఎందుకు?"

మంచి ప్రశ్న. పెద్ద డిగ్రీలున్నవాళ్ళు కూడా అడగరు. తమ్ముడికి తెగింది మోకాలి లోపలిపక్క ఉండే ఎంసీఎల్ అయి ఉండాలి. అది కీలు బయట, చుట్టూ మాంసం, రక్తం మధ్య ఉంటుంది. తెగిన చోట రక్తం గడ్డకట్టి, దాని మీద మచ్చలా కొత్త పీచు అల్లుకుంటుంది. పట్టీ వేసి ఊరుకుంటే చాలావరకు అతుక్కుంటుంది. బండి ముందుకు గుద్దుకుని మోకాలి కింద దెబ్బ తగిలినప్పుడు పోయేది వెనక లిగమెంటు పీసీఎల్. ఒంటరిగా పోతే అది కూడా చాలాసార్లు కత్తి లేకుండానే సర్దుకుంటుంది. ఏసీఎల్ సంగతి వేరు. అది కీలు మధ్యలో, జిగురు నీటిలో వేలాడుతూ ఉంటుంది. తెగిన కొసల మధ్య రక్తం గడ్డ నిలవదు, నీటిలో కరిగిపోతుంది.

"మీ నూతిలో చేద తాడు సగానికి తెగిందనుకోండి. పై ముక్క గిలకకు వేలాడుతుంది, కింది ముక్క నీళ్ళలో పడుతుంది. పైన ఎంత కట్టు కట్టినా ఆ రెండూ కలుస్తాయా?" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "కొత్త తాడే వెయ్యాలి" అన్నాడు. ఏసీఎల్ ఆపరేషన్ గురించి ఇంతకన్నా బాగా నేను ఎవరికీ చెప్పలేకపోయాను. తెగినదాన్ని కుట్టం. వేరే చోట నుంచి నరం (కండరాన్ని ఎముకకు కట్టే టెండన్‌ను మన దగ్గర నరమనే అంటారు) తెచ్చి కొత్త తాడు వేస్తాం.

ఏసీఎల్ తెగిన ప్రతివాళ్ళకూ ఆపరేషన్ అక్కర్లేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఎమ్మారై రిపోర్టు పట్టుకుని తేదీ అడిగేవాళ్ళే ఎక్కువ. స్వీడన్‌లో 121 మంది చురుకైన యువతను రెండు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకు వెంటనే ఆపరేషన్, రెండో గుంపుకు ముందు వ్యాయామం, అవసరమైతేనే ఆపరేషన్. 2010లో వచ్చిన ఫలితాల్లో రెండేళ్ళకు ఇద్దరి మోకాళ్ళూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. ఐదేళ్ళకు కూడా అంతే. వ్యాయామం గుంపులో దాదాపు సగం మంది ఐదేళ్ళలోపు ఆపరేషన్‌కు వచ్చారు, మిగతా సగానికి అసలు అవసరమే పడలేదు. నా దగ్గరకే వచ్చే ఒక కిరాణా షాపాయన, 44 ఏళ్ళు, ఏసీఎల్ పూర్తిగా తెగింది. ఆరు నెలలు తొడ వ్యాయామాలు చేశాడు. మూడేళ్ళుగా మూటలు దించుకుంటూ హాయిగా ఉన్నాడు. షటిల్ ఒక్కటి మానేశాడు.

మరి ఈమెకు? 20 ఏళ్ళు, తిరగడమే పనిగా ఉండే ఆట, నాలుగుసార్లు జారిన మోకాలు, ఇరుక్కున్న మెనిస్కస్. వ్యాయామంతో ఆగే దశ దాటిపోయింది. మెనిస్కస్ ఎంత ఆలస్యమైతే అంత నలిగి, కుట్టడానికి పనికిరాకుండా పోతుంది. వాపు లేకుండా, పూర్తిగా చాపగలిగిన మోకాలికే ఏసీఎల్ వెయ్యాలన్నది నా నియమం. లేకపోతే కీలు బిగుసుకుపోతుంది. ఇరుక్కున్న మోకాలిలో ఆ నియమం నడవదు. ముందు మెనిస్కస్ కుట్టి, మోకాలు కదిలాక రెండో విడతలో ఏసీఎల్ వెయ్యమని నా సహోద్యోగి సలహా. ఆ పద్ధతీ తప్పు కాదు. కానీ వదులు మోకాలిలో కుట్టిన మెనిస్కస్ నిలవడం కష్టం. పైగా రెండు ఆపరేషన్ల ఖర్చు, రెండుసార్లు మత్తు. ఒకేసారి చేద్దామన్నాను. కీలు బిగుసుకుంటుందేమోనని కాస్త భయం ఉందని ఆయనతో ఒప్పుకున్నాను కూడా.

తాడు ఎక్కడి నుంచి తేవాలి

చిప్ప కింద నరాన్ని ఎముక ముక్కలతో సహా తీసి వేస్తే గట్టిగా ఉంటుందని ఆటగాళ్ళకు చాలామంది సర్జన్లు అదే ఎంచుకుంటారు. కానీ ఆ తర్వాత మోకరిల్లినప్పుడు ముందువైపు నొప్పి వచ్చేవాళ్ళు ఎక్కువ. మన ఇళ్ళలో నేల మీద కూర్చుంటాం, వంగి ముగ్గేస్తాం, మోకాళ్ళ మీద కూర్చుని ఇల్లు తుడుస్తాం. కబడ్డీలో మోకాలు నేలకు కొట్టుకోని రోజుండదు. అందుకని తొడ వెనకవైపు నుంచి దిగే హ్యామ్‌స్ట్రింగ్ నరాలు రెండింటిని ఎంచుకున్నాను. దానికీ ఇబ్బంది ఉంది. సన్నటి అమ్మాయిల్లో ఆ నరాలు సన్నగా ఉంటాయి. చిన్న వయసువాళ్ళలో 8 మి.మీ. కన్నా సన్నటి గ్రాఫ్టు, అంటే తెచ్చి వేసిన తాడు, మళ్ళీ తెగే అవకాశం ఎక్కువ.

వెన్నులో మత్తు ఇచ్చి, ముందు పివట్ షిఫ్ట్ చూశాను. మెలకువలో నొప్పికి చూడనివ్వని పరీక్ష అది. కాలు మడుస్తుంటే కీలు తుళ్ళిపడి లోపలికి జారింది, గది చివర నుంచున్న సిస్టరుకు కూడా కనిపించేంతగా. మూడో గ్రేడు, అంటే బాగా ఎక్కువ.

కెమెరాతో లోపలికి వెళితే మెనిస్కస్ నిజంగానే బకెట్ పిడిలా మధ్యలో అడ్డంగా ఉంది. ప్రోబుతో నెట్టగానే జారి స్వస్థానంలో కూర్చుంది. అంచు ఇంకా ఎర్రగానే ఉంది, అంటే రక్తం అందే చోటే చిరిగింది. వెనక భాగానికి లోపలి నుంచే వేసే కుట్లు మూడు, మధ్య భాగానికి లోపలి నుంచి బయటికి తీసే కుట్లు రెండు. లోపలి నుంచి వేసే ఒక్కో కుట్టుకూ విడిగా బిల్లు పెరుగుతుంది కాబట్టి ఎన్ని పట్టొచ్చో తండ్రికి ముందే చెప్పి ఉంచాను. కత్తిరించి పారేస్తే పావుగంట పని, ఖర్చూ తక్కువ, ఆరు వారాల్లో ఆడుకోవచ్చు. పదేళ్ళ తర్వాత ఎముకా ఎముకా రాసుకుని వస్తుంది. 20 ఏళ్ళ మోకాలిలో కుట్టగలిగిన మెనిస్కస్‌ను కత్తిరించడం నాకు చేతకాదు.

నరాలు తీసి బల్ల మీద పరిచాం. పెద్దది 27 సెం.మీ., చిన్నది 23. మామూలుగా మడిచి నాలుగు పేటలు చేసి, కొలత రంధ్రాల్లోంచి లాగితే 7 మి.మీ. దాంట్లో జారిపోయింది. భయపడినంతా అయింది. అప్పుడు పెద్దదాన్ని మూడు పేటలుగా, చిన్నదాన్ని రెండు పేటలుగా మడిచాం. మూడు తొమ్మిదులు ఇరవై ఏడు, పొడవు సరిగ్గా సరిపోయింది. ఐదు పేటల తాడు 8.5 మి.మీ. వచ్చింది. వాంకోమైసిన్ కలిపిన నీటిలో తడిపిన గాజుగుడ్డలో చుట్టి పక్కన పెట్టాం. గ్రాఫ్టుకు చీము పట్టకుండా కాపాడే చవకైన జాగ్రత్త ఇది, దీన్ని నేను ఎన్నడూ మానను. తొడ ఎముకలో సొరంగం చేసి పైన బటన్‌తో, కింద కాలి ఎముకలో కరిగిపోయే స్క్రూతో బిగించాం.

ఆ నూకంత పెంకు, తుళ్ళిపడ్డ మోకాలు గుర్తుంచుకుని మోకాలి బయటివైపు ఇంకో పని కూడా చేశాను. తొడ పక్క నుంచి దిగే ఐటీ బ్యాండు అనే గట్టి పొరలో సెంటీమీటరు వెడల్పు, 8 సెం.మీ. పొడవు పట్టీ ఒకటి కోసి, పక్క లిగమెంటు కిందుగా తీసి తొడ ఎముకకు బిగించాను. మెలితిరగడాన్ని ఆపే రెండో తాడు అనుకోండి. కెనడా, ఐరోపాల్లో 14 నుంచి 25 ఏళ్ళ మధ్యవాళ్ళు 618 మంది మీద చేసిన పరిశీలన 2020లో వచ్చింది. ఈ పట్టీ వేసినవాళ్ళలో రెండేళ్ళలో గ్రాఫ్టు తెగింది 4 శాతానికి, వెయ్యనివాళ్ళలో 11 శాతానికి. అందరికీ నేను వెయ్యను. ఈమె వంటివాళ్ళకు వెయ్యకపోతే నిద్రపట్టదు.

దిండు

పద్నాలుగో రోజు కుట్లు విప్పడానికి వచ్చింది. గాయాలు బాగున్నాయి. బోర్లా పడుకోబెట్టి, మోకాళ్ళ కింది భాగం మంచం బయటికి వేలాడదీసి మడమలు చూశాను. కుడిమడమ ఎడమదానికన్నా 6 సెం.మీ. ఎత్తులో ఉంది. ఒక్కో సెంటీమీటరుకు సుమారు ఒక డిగ్రీ. మోకాలు ఆరు డిగ్రీలు చాపుకోవడం లేదన్నమాట. నాకు గుండెలో కలుక్కుమంది. సహోద్యోగి మాట గుర్తొచ్చింది.

"ఇంట్లో కాలు ఎలా పెట్టుకుంటున్నావమ్మా?"

జవాబు అమ్మాయి చెప్పలేదు, తల్లి చెప్పింది. "రాత్రిళ్ళు నొప్పి అంటోందని మోకాలి కింద మెత్తటి దిండు పెడుతున్నానండి. అలా పెడితే హాయిగా నిద్రపోతోంది."

దూది దిండు. ఆ తల్లిని ఏమంటాం? మోకాలి కింద దిండు పెడితే నొప్పి తగ్గుతుంది, నిజమే. కొంచెం మడిస్తే కీలులో చోటు పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. ఆ భంగిమలోనే మచ్చ గట్టిపడితే ఇక జీవితాంతం కుంటడమే. "దిండు తియ్యకమ్మా, రెండు జానలు కిందికి జరుపు. మడమ కింద పెట్టు, మోకాలు గాల్లో ఉండాలి" అన్నాను. రోజుకు ఆరుసార్లు, పదేసి నిమిషాలు. మూడు వారాల్లో ఒక వేలు తేడాకు వచ్చింది, ఐదో వారానికి సమమైంది. ఇప్పుడు డిశ్చార్జి చీటీ మీద మందులకన్నా పైన దిండు బొమ్మ గీస్తున్నాను, మోకాలి కింద ఉన్నదాన్ని కొట్టేసి.

ఇంకో అడ్డంకి మరుగుదొడ్డి. మెనిస్కస్ కుట్టాక ఆరు వారాలు 90 డిగ్రీలు దాటి మడవకూడదు, గొంతుక్కూర్చోవడం కొన్ని నెలల మాట. వాళ్ళింట్లో ఉన్నది నేల దొడ్డి. మెడికల్ షాపులో దొరికే కమోడ్ కుర్చీ కొనమని ఆపరేషన్‌కు ముందే చెప్పాను. ఈ మాట చెప్పకుండా ఇంటికి పంపితే మొదటి రోజే కుట్లు తెగుతాయి.

తొడ కండరం మేలుకోవడానికి చాలాకాలం పట్టింది. మోకాలికి దెబ్బ తగిలితే, నీరు చేరితే, మెదడు ఆ తొడ కండరానికి వెళ్ళే సంకేతాన్ని తగ్గించేస్తుంది. మనిషి బద్ధకం కాదు అది. "కాలు నా మాట వినట్లేదక్కా" అని ఫిజియో దగ్గర ఏడ్చిందట. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కడం, కాలు చాపి ఎత్తడం, వాటికి తోడు కరెంటు పెట్టి కండరాన్ని బిగింపజేయడం. ఐదో వారం చివర మొదటిసారి చిప్ప పైకి టక్కున లాగింది. ఫిజియో నాకు వీడియో పంపింది.

మళ్ళీ సంక్రాంతి

ఆగస్టు చివర ఆపరేషన్. సంక్రాంతికి నాలుగున్నర నెలలు. మెట్లెక్కుతోంది, మెల్లగా పరుగు మొదలైంది, నొప్పి లేదు. ఊళ్ళోవాళ్ళు ఒకటే పోరు: ఒక్క కూతే కదా, ఒక్క మ్యాచే కదా.

నొప్పి లేకపోవడం ఏమీ చెప్పదు. చచ్చిన నరం ముక్కను తెచ్చి లోపల పెట్టాం. అది మొదట ఇంకా బలహీనపడుతుంది, తర్వాత మెల్లగా రక్తనాళాలు పాకి, కొత్త కణాలు చేరి, ఏడాదికి పైగా పట్టి లిగమెంటుగా మారుతుంది. నార్వేలో 106 మందిని రెండేళ్ళు గమనించి 2016లో ప్రచురించిన లెక్క ప్రకారం, తొమ్మిది నెలల దాకా ఆటకు తిరిగివెళ్ళడం ఆలస్యం చేసిన ప్రతి నెలకూ మళ్ళీ మోకాలి దెబ్బ తగిలే అవకాశం దాదాపు సగం తగ్గింది. ఇది చెప్పాక తండ్రి ఒక్కటే చేశాడు. పోటీల రోజుల్లో కూతుర్ని వాళ్ళ అమ్మమ్మగారి ఊరు పంపేశాడు.

తొమ్మిదో నెలలో పరీక్ష పెట్టాం. లక్షల మిషన్లు మా ఊళ్ళో లేవు. జిమ్‌లో కాలు చాపే మిషను మీద ఒంటికాలితో ఒక్కసారి ఎత్తగలిగినంత బరువు కొలిచాం. ఎడమ 37 కిలోలు, కుడి 30. అంటే 81 శాతం. ఒంటికాలి గెంతు ఎడమ 132 సెం.మీ., కుడి 116. 88 శాతం. నాకు కావాల్సింది రెండిట్లోనూ కనీసం 90. ఈ శాతాల్లోనూ ఒక మోసం ఉంది. ఇన్నాళ్ళ విశ్రాంతికి మంచి కాలు కూడా సన్నబడితే శాతం ఊరికే పెరిగి కనిపిస్తుంది. అందుకే ఎడమకాలి అంకెలు ఆపరేషన్‌కు ముందే రాసి ఉంచాను. భయం గురించి అడిగే ప్రశ్నావళిలో వందకు 48 (అంకె పెరిగేకొద్దీ భయం తక్కువని). ఆ అంకె నన్ను కాళ్ళ అంకెలకన్నా ఎక్కువ ఆపింది. భయపడుతూ తిరిగే మోకాలు మళ్ళీ అలాగే తిరుగుతుంది.

ఇంకో రెండు నెలలు. ఈసారి ఫిజియో కబడ్డీ కోచ్‌ను కూడా పిలిచింది. తాకి వెనక్కి తిరిగేటప్పుడు పాదం పాతకుండా చిన్న అడుగులతో తిరగడం, మోకాలు బొటనవేలి వైపు పడకుండా చూసుకోవడం, ఒంటికాలి మీద కాకుండా రెండు కాళ్ళ మీద దిగడం. యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు) పడ్డప్పుడు కాలు మెలితిప్పి లాక్కోకుండా ఒళ్ళు మొత్తం గీత వైపు విసరడం. కోచ్ కొంచెం నసిగాడు, అలా అయితే వేగం పోతుందని. వేగం తర్వాత వస్తుందని ఫిజియో ఊరుకోలేదు.

పదకొండో నెల: ఎడమ 38, కుడి 35. గెంతు 136కు 130. భయం ప్రశ్నలు 72. మ్యాట్ మీద ప్రాక్టీసుకు ఒప్పుకున్నాను, నెల తర్వాత పట్టులకు. పదహారున్నర నెలలకు, ఇంకో సంక్రాంతికి, మ్యాచ్ ఆడింది.

పద్దెనిమిదో నెలలో చివరిసారి చూశాను. లాక్‌మన్‌లో కొద్దిగా వదులు, కానీ చివర గట్టిగా ఆగుతోంది. పివట్ షిఫ్ట్ లేదు. తొడ ఇంకా ఒక సెంటీమీటరు సన్నం, అది అలాగే ఉండిపోవచ్చు. కోత పక్కన కాలి ముందు భాగం అరచేతిలో సగం మేర మొద్దుబారి ఉంది, గీరితే తెలియదు. నరం తీసిన చోట ఇది తరచూ జరిగేదే, ముందే చెప్పాను. ఒక్కటి మాత్రం నాకు తేలలేదు. "డుబ్కీ ఇంకా వెయ్యట్లేదు సార్. బాగా వంగితే లోపలివైపు ఏదో పట్టినట్టుంటుంది." డుబ్కీ అంటే పట్టేవాళ్ళ చేతుల కింద నుంచి వంగి దూరిపోవడం. నీరు లేదు, కీలుగీత మీద నొప్పి లేదు, ఇరుక్కోవడం లేదు. మెనిస్కస్ వెనక కుట్లు కావచ్చు, మచ్చ కావచ్చు. మళ్ళీ ఎమ్మారై ఇప్పుడే వద్దన్నాను. మూడు నెలలు చూద్దామని చీటీ మీద రాశాను. ఈలోగా కానిస్టేబుల్ ఈవెంట్స్ ఉన్నాయి, లాంగ్ జంప్‌లో రెండు కాళ్ళ మీద దిగడం మర్చిపోవద్దన్నాను.

మొన్న ఆ తండ్రి మళ్ళీ వచ్చాడు, కూతురితో కాదు. పక్కింటి కుర్రాడు, వాలీబాల్ ఆడుతూ పడ్డాడట, మోకాలు ఉబ్బి ఉంది. కవర్లోంచి ఎక్స్‌రే తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారండి. అందుకే తీసుకొచ్చాను."